వాడు ఎందుకు అల్లరి చేస్తున్నాడు?

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని తమ్ముళ్ళు అడిగినప్పుడు మేము ముగ్గురం కూర్చుని ఆలోచించాము. కవిత రాద్దామంటే మాకు రాదు. "విద్యార్థి దశ – క్రమశిక్షణ" అనే వ్యాసం ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మేము పదో తరగతిలో ఉన్నప్పుడు మేమూ రాశాము. అల్లరి చేసే పిల్లలు తల్లిదండ్రుల కష్టాన్ని మరిచిపోయినవాళ్ళని అందులో గట్టిగా తీర్పు చెప్పాము. ఆ వ్యాసానికి బహుమతి కూడా వచ్చింది. ఇప్పుడు అది చదువుకుంటే సిగ్గు వేస్తున్నది. ఎందుకు సిగ్గు వేస్తున్నదో చెప్పడానికే ఇది రాస్తున్నాము.

మేము 2013లో ఈ హాస్టల్లో ఆరో తరగతిలో చేరినవాళ్ళం. 2018లో పదో తరగతి పాసై వెళ్ళాము. మా ముగ్గురి ఇండ్లలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం మేమే. మా నాయినలు ఇప్పటికీ రేషన్ కార్డు మీద వేలిముద్రే వేస్తారు. పి.జి. రెండో సంవత్సరంలో ఉండగా, 2024 ఆగస్టులో, వార్డెన్ సారు మమ్మల్ని పిలిపించారు. మన పిల్లలు చదివే హైస్కూల్లో లెక్కల సారు దీర్ఘకాలిక సెలవులో ఉన్నారట. ఎనిమిదో తరగతికి రోజుకు ఒక పీరియడు, వంతులవారీగా చెప్పగలరా అని అడిగారు. లెక్కలు పి.జి. చదువుతున్నాము, ఎనిమిదో తరగతి ఎంత అనుకున్నాము. తలలూపి వచ్చాము.

ఎంతో రెండో రోజుకే తెలిసింది. చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపు తిరగగానే వెనక కోడిపుంజు కూసేది. ఇటు తిరిగితే నలభై ముఖాలూ అమాయకంగా ఉండేవి. హాస్టల్ పిల్లలు మమ్మల్ని సాయంత్రం "అన్నా" అంటారు, బడిలో "సార్" అనాలి. రెండూ కలిపి "సారన్నా" అని ఒకడు అనగానే క్లాసంతా గొల్లుమంది. ఒకడు పక్కవాణ్ణి గిల్లుతాడు. ఒకడు లెక్క చదవమంటే సినిమా హీరోలా కాలరెగరేసి డైలాగు చెబుతాడు. ఒకమ్మాయి రెండో పీరియడుకు వచ్చి డెస్కు మీద తల పెట్టి నిద్రపోతుంది. కిటికీ పక్కన కూర్చునే ఒకడు వారంలో ఒకసారైనా ఎవరినో ఒకరిని కొట్టనిదే ఊరుకోడు. ఇక్కడ ఎవరి పేర్లూ రాయడం లేదు. వాళ్ళు ఈ సంచిక చదువుతారు.

రాత్రి హాస్టల్ మిద్దె మీద కూర్చుని మేము ముగ్గురం అనుకున్న మాటలు మా మాస్టార్లు మా గురించి అన్న మాటలే. "భయం లేదు." "ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు." "హాస్టల్ పిల్లలంటే ఇంతే." చివరి మాట అన్నది మేమే. అనేశాక కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

సెప్టెంబరు రెండో సోమవారం మేము కిటికీ పక్కవాణ్ణి కొట్టాము. వినాయక చవితి శనివారం అయింది, ఆదివారం కూడా గడిచాక బడి పెట్టిన రోజది. ఒకడు ఊరికి పోయి వచ్చి, కొత్త చొక్కా వేసుకుని, వాళ్ళ ఇంట్లో చేసిన ఉండ్రాళ్ళ గురించి చెబుతున్నాడు. వీడు లేచి వాడి నోటు పుస్తకం లాక్కుని నడిమికి చింపేశాడు. "మీ అమ్మానాన్నలు చెమటోడ్చి చదివిస్తుంటే నువ్వు చేసే పని ఇదా?" అన్నాము. వాడు నవ్వాడు. ఆ నవ్వు చూసి చెంప మీద కొట్టాము. నిజానికి కొట్టింది మాలో ఒకరే. దాచడం ఎందుకు, ఇది రాస్తున్న చెయ్యే అది. కానీ మిగతా ఇద్దరూ విని "మంచి పని చేశావు" అన్నారు కాబట్టి కొట్టాము అనే రాస్తున్నాము.

ఆ రాత్రి భోజనాల దగ్గర వాడు లేడు.

ప్లేట్లు లెక్కపెట్టినప్పుడు ఒకటి మిగిలింది. వార్డెన్ సారు ముఖంలో రక్తం లేదు. మేము తలో దిక్కు పోయాము. చెరువు కట్ట, సినిమా హాలు, రైల్వే గేటు. చెరువు కట్ట మీద టార్చిలైటు నీళ్ళ మీదికి వేసి చూసిన ఆ పది నిమిషాలు మేము ఈ జన్మలో మరిచిపోము. చివరికి తొమ్మిదిన్నరకు బస్టాండు బయట మిర్చి బండి దగ్గర దొరికాడు. పుణె పోయే బస్సు ఎక్కడ ఆగుతదని బండి ఆయనను అడిగాడట. ఆయన "రాత్రి పన్నెండుకు వస్తది, అందాక కూసో" అని చెప్పి, రెండు మిర్చీలు పెట్టి, స్టూలు మీద కూర్చోబెట్టుకున్నాడు. "పిలగాడు ఎవరి కోసమో పోతుండు సార్, కొట్టకుండ్రి" అన్నాడు మాతో. మేము కొట్టి వచ్చినవాళ్ళమని ఆయనకు తెలియదు.

నడిచి వస్తుంటే వాడు ఏడవలేదు. హాస్టల్ గేటు దగ్గరకు వచ్చాక మాత్రం, "నిన్న ఫోన్ రాలే అన్నా" అన్నాడు.

వాళ్ళ అమ్మానాన్నలు గుంపు మేస్త్రీతో పుణెకు బిల్డింగు పనికి పోయారు. వాళ్ళకు సొంత ఫోను లేదు. ఆదివారం సాయంత్రం మేస్త్రీ ఫోన్లోంచి మన వాచ్‌మన్ తాత ఫోనుకు చేస్తారు. చేస్తే చేస్తారు, లేకపోతే లేదు. ఊళ్ళో వీణ్ణి చూసుకునే అవ్వ ఏడాది కింద చనిపోయింది. పండుగకు హాస్టల్ ఖాళీ అయితే వీడు మెస్సులో వంట మనుషులతో ఉన్నాడు. మేము "మీ అమ్మానాన్నలు" అన్నప్పుడు వాడు నవ్విన నవ్వు ఏమిటో అప్పుడు అర్థమైంది.

మరునాడు హెడ్మాస్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ఏమంటుందో తెలుసా అని అడిగారు. పిల్లలను కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అప్పటికి మేము రెండో తరగతిలో ఉండాలి. అంటే మేము తిన్న దెబ్బల్లో చాలావరకు చట్టం వచ్చాక తిన్నవే! ఆ లెక్క వేసుకున్నప్పుడు నవ్వొచ్చింది కానీ, అందులో మా దెబ్బ కూడా ఒకటి చేరింది.

అసలు మేము ఎందుకు మరిచిపోయామో తెలియదు. ఆరో తరగతిలో చేరిన ఏడాది మా హాల్లో అందరికీ గజ్జి వచ్చింది. ఒకే చాపల మీద, ఒకరి దుప్పటి ఒకరు కప్పుకుని పడుకునేవాళ్ళం. గజ్జి దురద పగలు కంటే రాత్రి ఎక్కువ. తెల్లవార్లూ గోకుకుని, పొద్దున క్లాసులో ఊగిపోయేవాళ్ళం. బెంచీ మీద కుదురుగా కూర్చోమంటే ఎట్లా కూర్చుంటాము? నిలబెట్టారు, గోడకుర్చీ వేయించారు. "ఒంట్లో కోతులున్నాయిరా మీకు" అన్నారు. కోతులు కావు, పురుగులు. కంటికి కనపడనంత చిన్న పురుగులు చర్మం కింద తొలుచుకుని గుడ్లు పెడతాయని ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరమ్మ వచ్చి చెప్పింది. ఒకరిద్దరికి మందు రాస్తే పోదు, హాల్లో అందరికీ ఒకే రోజు మెడ నుంచి పాదాల దాకా రాయాలి, బట్టలూ దుప్పట్లూ వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి అని ఆమె నిలబడి చేయించింది. ఆ వారం తర్వాత మేము క్లాసులో కుదురుగా కూర్చున్నాము. క్రమశిక్షణ మందు సీసాలోంచి వచ్చింది! తమ్ముళ్ళారా, ఇప్పుడు కూడా హాల్లో ఒకడు రాత్రి గోక్కుంటుంటే నవ్వకండి, వార్డెన్ సారుకు చెప్పండి.

అంత అనుభవం ఉన్నవాళ్ళం, అవతలి వైపు నిలబడగానే చేతిలో చాక్‌పీసు చూసుకుని మరిచిపోయాము.

మా గదిలో ఒక మిత్రుడు టెట్ పరీక్షకు కొన్న గైడు ఉంది. అందులో మాస్లో అవసరాల అనుక్రమణిక ఉంది. ఆకలి, నిద్ర, భద్రత, నావాళ్ళు అనే భావన, ఇవి తీరాకే చదువు మీదికి మనసు పోతుందని దాని సారాంశం. గైడులో అది "దీనిని ప్రతిపాదించినది ఎవరు?" అనే నాలుగు ఆప్షన్ల ప్రశ్నగా ఉంది. జవాబు మాకు కంఠతా వచ్చు. మా క్లాసులో ఆ అమ్మాయి ఎందుకు నిద్రపోతున్నదో మాత్రం అడగలేదు.

హాస్టల్ లైబ్రరీలో "రైలుబడి" అనే పుస్తకం ఉంది. జపాను రచయిత్రి టెట్సుకో కురోయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన "టోటో చాన్" పుస్తకానికి తెలుగు అనువాదం. అందులో పాపను మొదటి బడి నుంచి పంపించేస్తారు. డెస్కు మూత మాటిమాటికీ తెరిచి మూయడం, కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే వాద్యగాళ్ళను పిలవడం ఆ పాప చేసిన నేరాలు. రెండో బడిలో హెడ్మాస్టరు మొదటి రోజు ఆ పాప చెప్పేదంతా నాలుగు గంటలు కూర్చుని వింటాడు. మేము ఆ బుడ్డోడి మాట నాలుగు నిమిషాలు వినలేదు.

అప్పుడు ఒక నోటు పుస్తకం పెట్టాము. లెక్కలవాళ్ళం కదా, గడులు గీశాము. రోజు, గొడవకు ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, మేము ఏం చేశాము. నాలుగు గడులు. మనోవిజ్ఞానంలో ఇట్లా రాసుకునే పద్ధతి ఒకటి ఉన్నదని తర్వాత తెలిసింది. అప్పుడైతే మేమే కనిపెట్టామనుకున్నాము. జూన్ నుంచి "మాట్లాడినవారి పేర్లు" రాసిన చీటీలన్నీ క్లాసు లీడరు తన కంపాసు బాక్సులో దాచిపెట్టాడు, పాపం పోలీసు రికార్డు లాగా. వాటిని కూడా ఎక్కించాము.

కిటికీ పక్కవాడి పేరు మీద పదకొండు గొడవలు తేలాయి. అందులో ఏడు సోమవారాలు. మిగతావాటిలో రెండు, హాస్టల్‌కు ఎవరి నాయినో చూడటానికి వచ్చి పోయిన మరునాడు. ఇంతకు ముందు మాకు కనపడింది "ఎప్పుడూ కొట్లాడే పిల్లవాడు". చీటీలు పేర్చాక కనపడింది ఆదివారం సాయంత్రం వాచ్‌మన్ తాత మంచం పక్కన కూర్చునే పిల్లవాడు. వార్డెన్ సారుతో మాట్లాడి, ఆదివారం ఏడు దాకా ఫోను రాకపోతే మా ఫోను నుంచి మేస్త్రీకి మేమే చేయాలని పెట్టుకున్నాము. మొదటిసారి వాళ్ళమ్మ లైన్లోకి వచ్చి "సారూ, పిల్లగాడు అన్నం తింటుండా?" అని ఒక్కటే అడిగింది. వాడు ఫోను పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఏం మాట్లాడాడో మేము వినలేదు. దీనితో వాడు బుద్ధిమంతుడైపోయాడని రాస్తే అబద్ధం. నాయిన ఫోన్లో తిట్టిన వారం ఫోను వచ్చినా గొడవే. నవంబరులో ఒకణ్ణి నెట్టి ముక్కు పగలగొట్టాడు కూడా. కానీ సోమవారాలు తగ్గాయి.

గిల్లేవాడి సంగతి వేరు. వాడికి బోర్డు కనపడదు. పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకుంటాడు, పక్కవాడు చెయ్యి అడ్డం పెడితే గిల్లుతాడు. అంతే కథ. ఒక రోజు వాడితో కలిసి రోడ్డు మీద నిలబడ్డప్పుడు బస్సు దగ్గరకు వచ్చి ఆగేదాకా బోర్డు చదవలేకపోయాడు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళు బడికి వచ్చినప్పుడు వాణ్ణి ముందు నిలబెట్టాము, పెద్దాసుపత్రికి రాశారు, అద్దాలు వచ్చాయి. పెట్టుకున్న మొదటి రోజు వాడు పాఠం వినలేదు. కిటికీలోంచి చెట్టునే చూస్తూ కూర్చున్నాడు. ఆకులు విడివిడిగా ఉన్నాయట.

ఇంకొకడు పిలిస్తే పలకడు, చెప్పింది చేయడు. మొండివాడని పేరు. జూరాల కాలువలో ఈతలు కొట్టి కొట్టి చెవిలో చీము పట్టింది, ఎడమ చెవి సరిగా వినపడదు. ఇంట్లో కాచిన నూనె పోస్తున్నారు. డాక్టరు దగ్గర ఆ నూనె సంగతి చెబితే ఆయన తల పట్టుకున్నారు. చుక్కలు రాసిచ్చి, చెవిలోకి నీళ్ళు పోనివ్వొద్దన్నారు. మేము చేసింది వాణ్ణి ఎడమ వైపు గోడ పక్కన కూర్చోబెట్టడం, అంతే. కుడి చెవి మా వైపు వచ్చింది, మొండితనం సగం పోయింది.

హీరో డైలాగులవాడి దగ్గర మాకు ఎక్కువ రోజులు పట్టింది. వాడు ఎప్పుడు డైలాగు చెబుతాడో పుస్తకంలో రాస్తూ పోతే, ప్రతిసారీ దానికి ముందు గడిలో "లెక్క పైకి చదవమన్నాము" అని ఉంది. నోటి లెక్క అడిగితే టక్కున చెబుతాడు. చదవమంటేనే వేషం. రాత్రి ఒంటరిగా పిలిచి మూడో తరగతి తెలుగు వాచకం ఇచ్చాము. గుణింతాలు వచ్చు, ఒత్తులు రావు.

వీళ్ళ బ్యాచ్ లెక్క తీయండి. 2020 మార్చిలో బడులు మూసినప్పుడు వీళ్ళు మూడో తరగతి. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో పాఠాలు వచ్చాయి. నాలుగో తరగతి అట్లా టీవీలోనే అయిపోయింది. ఇంట్లో టీవీ లేనివాడికి నాలుగో తరగతే లేదు. 2021 సెప్టెంబరు 1న చిన్న తరగతులకు కూడా బడి తెరిచేసరికి ఐదులో కూర్చున్నారు. అక్కడి నుంచి ఏటా ఒక మెట్టు ఎక్కుతూ వచ్చారు, కింద ఒక మెట్టు లేదని ఎవరూ చూడలేదు. ఎనిమిదో తరగతిలో "నాకు చదవడం రాదు" అని ఎట్లా చెబుతాడు? మీసం వస్తున్న పిల్లవాడు. చదువు రానివాడు అనిపించుకోవడం కన్నా అల్లరోడు అనిపించుకోవడం వాడికి నయం. వాడి జాగాలో ఉంటే మేమూ కాలరే ఎగరేసేవాళ్ళం. ఒకవేళ ఇది వాడి మెదడు అక్షరాలను పట్టుకునే తీరులోనే ఉన్న ఇబ్బందేమో అని కూడా అనుమానపడ్డాము. 2016 వికలాంగుల హక్కుల చట్టం అట్లాంటి ప్రత్యేక అభ్యసన వైకల్యాన్ని కూడా గుర్తించింది. హెడ్మాస్టరు గారు భవిత కేంద్రం టీచరుకు చూపించారు. ముందు ఒత్తులు నేర్పి చూడండి, అప్పటికీ రాకపోతే పరీక్షకు పంపుదాం అన్నారామె. అందరూ పడుకున్నాక, మెస్సు హాల్లో, వాచకం కాకుండా సిమెంటు సంచుల మీది అక్షరాలూ పెండ్లి పత్రికలూ పెట్టి మొదలుపెట్టాము. పెండ్లి పత్రికల్లో ఒత్తులు దండిగా ఉంటాయి.

నిద్రపోయే అమ్మాయి గురించి రాయాలంటే చెయ్యి ఆగుతున్నది. మా గద్వాల వైపు సీడు పత్తి పని అందరికీ తెలిసిందే. సాయంత్రం మొగ్గల తొక్క ఒలిచి లోపలి కేసరాలు తీసేయాలి, మరునాడు పొద్దున అవి విచ్చుకున్నాక మగపూల పుప్పొడి అద్దాలి. దాన్నే క్రాసింగు అంటారు. చిన్న వేళ్ళకు ఆ పని బాగా సాగుతుందని ఆడపిల్లలను పెడతారు. ఆ అమ్మాయి పొద్దున ఆ పని చేసి రెండో పీరియడుకు వచ్చేది, బడి విడవగానే మళ్ళీ చేనుకు పోయేది. మేము "లేటు" అని బయట నిలబెట్టిన రోజులు పుస్తకంలో మూడున్నాయి. కారణం తెలిశాక నిలబెట్టడం మానేశాము. దసరా సెలవుల తర్వాత ఆమె రాలేదు. హెడ్మాస్టరు గారితో కలిసి ఇంటికి పోయాము. ఆర్గనైజరు దగ్గర తెచ్చిన అడ్వాన్సు తీరలేదన్నాడు వాళ్ళ నాయిన. మర్యాదగానే మాట్లాడాడు, చాయ్ పోయించాడు. సంక్రాంతి దాకా పంపుతానన్నాడు. సంక్రాంతి అయిపోయింది. హెడ్మాస్టరు గారు పై అధికారులకు రాశారు. మేము ఈ వ్యాసం రాసే నాటికి ఆమె పేరు రిజిస్టరులోనే ఉంది. కారణం తెలుసుకుంటే చాలు, అన్నీ సరి అవుతాయని మీకు ఎవరైనా చెబితే ఈ పేరా చూపించండి.

2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి మెస్సు హాల్లో హీరోకు ఒత్తులు చెబుతున్నాము. పెండ్లి పత్రికలు అయిపోయాయి. బల్ల మీద మా నోటు పుస్తకం ఉంది. అది పిల్లల చేతికి దొరకకూడని పుస్తకమే, మాదే అజాగ్రత్త. మేము నీళ్ళు తాగి వచ్చేలోపు వాడు తెరిచి వేలు పెట్టి చదువుతున్నాడు. కిటికీ పక్కవాడి పేజీ. లాక్కోబోయాము. కానీ నాలుగు నెలల కింద ఒక్క ఒత్తు రానివాడు కూడబలుక్కుని చదువుతుంటే చెయ్యి రాలేదు. "సో-మ-వా-రం. పుస్-తకం చిం-పినాడు." అక్కడ ఆగాడు.

"అన్నా, ఈడ గడి ఖాళీగ ఉంది."

చూశాము. రోజు ఉంది, ముందు ఏం జరిగిందో ఉంది, వాడు ఏం చేశాడో ఉంది. మేము ఏం చేశామో అన్న గడిలో ఏమీ లేదు. ఆ పేజీలో మిగతా గడులన్నీ నిండి ఉన్నాయి. ఐదు నెలలుగా ముగ్గురం ఆ పేజీ ఎన్నిసార్లు తిప్పామో, ఒక్కరమూ అది నింపలేదు.

"ఆ రోజు నేను క్లాసుల్నే ఉన్న గదా" అన్నాడు వాడు. "రాయనా?"

పెన్ను ఇచ్చాము. వాడు నాలుక కొస బయటపెట్టి, ఒక్కొక్క అక్షరం దిద్దుతూ, "చెంప మీద కొట్టిండ్రు" అని రాశాడు. ఒత్తులు రెండూ సరిగ్గా పెట్టాడు.